కట్టు విప్పేదాకా వంట నాదే

నా భార్య చెయ్యి విరగడానికి కారణం కుక్క అని మా వీధిలో అందరూ అనుకుంటారు. మా ఇంట్లో మాత్రం ఆ మాట చెల్లదు. "కుక్కదేం తప్పు? అది కుక్క. తప్పు నీది" అంటుంది ఆమె. నెమ్మదిగా ఆలోచిస్తే ఆమె చెప్పిందే నిజం.

మాది గోదావరిఖనిలో కంపెనీ క్వార్టరు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక రేకుల వరండా, దాని ముందు ఒక జామచెట్టు. నేను భూమి లోపల పనిచేస్తాను. గనిని మా దగ్గర బాయి అంటారు. బొగ్గు తీసిన చోట పైకప్పు కిందికి రాకుండా దన్ను నిలబెట్టే పని నాది. కూతురు పెళ్లయి మందమర్రిలో ఉంటుంది, అక్కడ బడిలో పాఠాలు చెబుతుంది. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, రెండు కుక్కలు.

కుక్కలను మేం తెచ్చుకోలేదు. ఒక వానాకాలం గోధుమరంగు కుక్క ఒకటి మా వరండాలోకి వచ్చి నాలుగు పిల్లలను పెట్టింది. మూడింటిని ఎవరెవరో తీసుకుపోయారు. నాలుగోదానికి ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉండేది, దాన్ని ఎవరూ అడగలేదు. "పేరు పెడితే మన మీదనే పడతయ్" అని నా భార్య వాటికి పేర్లు పెట్టనివ్వలేదు. తల్లిని తల్లి అని, పిల్లను పిల్ల అని పిలుస్తూ వచ్చాం. ఇప్పుడు పిల్ల తల్లికంటే జానెడు ఎత్తు పెరిగింది. అయినా అది పిల్లే. పేర్లు పెట్టకపోయినా రెండూ మా మీదనే పడ్డాయి.

ఆ ఆదివారం పొద్దున నేను ఒక బొచ్చె చేప తెచ్చాను. మూడు కిలోల దాకా ఉంటుంది. సంచిని వరండాలో నేల మీదే పెట్టి, బండి కడుగుదామని బకెట్లో సబ్బునీళ్ళు కలుపుకున్నాను. కడిగిన నీళ్ళు వరండా మెట్ల మీదికి పారాయి. వాటిని చీపురుతో తోసెయ్యాలన్న ఆలోచన నాకు రాలేదు. ఇంతలో పిల్ల సంచిలో మూతి పెట్టి, చేపను నడుము దగ్గర కరుచుకుని జామచెట్టు కింది నుంచి బయటికి పరుగు తీసింది.

నా భార్య వంటింట్లోంచి గరిటెతో సహా ఉరికి వచ్చింది. రెండో మెట్టు మీద కాలు జారింది. కుడిచెయ్యి కింద పెట్టి పడిపోయింది. పడుతూనే "చేప, చేప" అంది.

నేను చేప వెనక పరుగెత్తాను.

ఈ ఒక్క విషయం నేను చచ్చేదాకా వింటాను. పిల్లను మూడు క్వార్టర్ల అవతల, నీళ్ళ ట్యాంకు దగ్గర పట్టుకుని సగం చేపతో తిరిగి వచ్చేసరికి ఆమె అదే మెట్టు మీద కూర్చుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది. తల్లి ఆమె పక్కన నిలబడి ఆమె భుజం నాకుతోంది.

"చేప దొరికిందా?" అని అడిగింది.

"సగం దొరికింది."

"నాది గూడ సగమే మిగిలినట్టుంది. దవాఖానకు తీస్కపో."

దవాఖానలో ఫొటో తీసి, మణికట్టు దగ్గర ఎముక విరిగిందని చెప్పి, మోచేతి కింది నుంచి వేళ్ళ దాకా కట్టు కట్టారు. ఆరు వారాలు కట్టు విప్పకూడదు, బరువు ఎత్తకూడదు, తడపకూడదు అన్నారు. ఎట్లా పడ్డావని నర్సు అడిగితే, "నేను పడ్డది చేప కోసం బిడ్డా. మా ఆయన ఉరికింది గూడ చేప కోసమే" అని చెప్పింది. నర్సు నావైపు చూసింది. నేను గోడ మీద కంటి పరీక్ష అక్షరాలు చదువుతున్నట్టు నిలబడ్డాను.

సాయంత్రం కూతురు ఫోనులో ముఖం చూపిస్తూ, రేపే బయలుదేరి వస్తానంది. నా భార్య ఒప్పుకోలేదు. "నీ బడి నీకుంది. మీ నాయినకు రెండు చేతులు మంచిగున్నయ్ గద."

"నాయినకు ఛాయ్ తప్ప ఏం రాదు గదనే అమ్మా."

"మనిషి ముప్పై ఏండ్లు బాయిల పనిచేసిండు. పొయ్యి కాడ చెయ్యరాదా?"

నన్ను ఎవరూ అడగలేదు. నేను వారం రోజులు సెలవు పెట్టాను.

మొదటిరోజు వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్సీ వేసుకుని, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని ఆమె కూర్చుంది. నేను లోపల నిలబడ్డాను. అన్నం, పప్పు, పచ్చిపులుసు అన్నది ఆ రోజు పని.

"బియ్యం ఎన్ని?" అన్నాను.

"ఇద్దరికి సరిపోను."

"నీళ్ళు?"

"బియ్యానికి సరిపోను."

"ఉప్పు?"

ఆమె నన్ను కాసేపు చూసింది. "బాయిల గూడ గిట్లనే అడుగుతవా?"

"బాయిల కొలతలుంటయ్. దన్నుకు దన్నుకు నడుమ ఎన్ని అడుగులుండాలెనో రాసి ఉంటది. ఎవ్వలు పోయినా గంతే."

"వంటింట్ల రాసి ఉండది. నాలికె ఉంటది."

నా నాలుక ముప్పై ఏళ్లుగా తిన్నదే గానీ ఏనాడూ కొలిచింది కాదు. ఆ పూట అన్నం అడుగంటింది, పప్పు పలుకు పలుకుగా మిగిలింది. పచ్చిపులుసుకు పొయ్యితో పనిలేదు గనుక అదైనా బాగా వస్తుందనుకున్నాను. కాల్చిన పచ్చిమిరపకాయలను ఉల్లిగడ్డతో కలిపి చేత్తో పిసకమంది, పిసికాను. చింతపండు రసం పోసి కలిపాను. నుదుటి మీద చెమట కారుతుంటే అదే చేత్తో తుడుచుకున్నాను. తర్వాత కళ్ళు కూడా తుడుచుకున్నాను.

ఆ మంట గురించి చెప్పడానికి నాకు మాటలు చాలవు. నేను నల్లా కోసం గోడలు తడుముకుంటుంటే, ఆమె లేచి వచ్చి ఎడమచేత్తో చెంబు పట్టుకుని నా కళ్ళలో నీళ్ళు కొట్టింది. కొడుతూ ఒకటే నవ్వు. చెయ్యి విరిగిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ పచ్చిపులుసులో చింతగింజలు నాలుగు వచ్చాయి. వాటిని ఆమె కంచం అంచున వరుసగా పెట్టింది.

కుక్కల సంగతి వేరే అయింది. వాటికి ఆమె రోజూ నూకలు వండి, కాస్త పసుపు వేసి, మిగిలిన పప్పో పులుసో కలిపి పెట్టేది. నేనూ అట్లాగే వండి గరిటెతో వాటి గిన్నెల్లో వేశాను. పిల్ల రెండు నిమిషాల్లో గిన్నె నాకేసి తల్లి గిన్నె వైపు చూసింది. తల్లి మాత్రం మూతి కూడా పెట్టలేదు. రెండో రోజూ అంతే. మూడోరోజుకు నాకు కోపం వచ్చింది.

"దీనికి గూడ నా వంట నచ్చుతలేదా ఏంది?"

"వంట గాదు. గరిటెతోని ఏస్తే అది తినది" అంది నా భార్య కుర్సీలోంచే. "కూసోని, చేతితోని కలిపి, ముందుగాల ఒక ముద్ద దాని నోటికాడ పెట్టాలె. గది ముసల్దైంది. మర్యాద చూస్తది."

నేను చుట్టూ చూశాను. ఎవరూ లేరు. గిన్నె ముందు గొంతుక్కూర్చుని, చేత్తో కలిపి, ఒక ముద్ద తీసి తల్లి మూతి దగ్గర పెట్టాను. అది ముద్దను వాసన చూసింది, తర్వాత నన్ను చూసింది, తర్వాత తిన్నది. మిగిలింది గిన్నెలో తానే తిన్నది. ఆ రోజు నుంచి అది నా వెనక వంటింటి గడప దాకా వచ్చి పడుకోవడం మొదలుపెట్టింది.

వారం తర్వాత మళ్ళీ డ్యూటీకి పోయాను. మొదటి షిఫ్టు. తెల్లవారకముందే లేచి సద్ది కట్టుకోవాలి. అంతవరకు నా సద్ది డబ్బా బండి హ్యాండిలుకు ఎప్పుడు వచ్చి తగులుకునేదో నాకు తెలియదు. నేను చొక్కా వేసుకునేసరికి అది అక్కడ ఉండేది, అంతే. ఇప్పుడు వంకాయ కూర నేనే వండి, నేనే డబ్బాలో పెట్టుకుని, నేనే హ్యాండిలుకు తగిలించి, తీరా పోయేటప్పుడు మూత వంటింట్లోనే మరిచిపోయాను. దారంతా ప్యాంటు మీద పులుసు పడింది. లోపలికి దిగేటప్పుడు నా వాసన నాకే తెలుస్తోంది.

లోపల మేం నలుగురం ఒక్కచోట కూర్చుని తింటాం. టోపీల మీది లైట్లు ఒకరి డబ్బాలో ఒకరికి పడతాయి గనుక ఎవరేం తెచ్చారో దాచడం కుదరదు. నాకు బామ్మర్ది వరసయ్యే ఒకతను నా కూర ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏంది బావా, అక్కకు నీ మీద కోపమొచ్చిందా?"

"ఎందుకు?"

"ఉప్పు జూస్తే అట్లనే ఉంది."

దాచి లాభం లేదని, చెయ్యి విరిగిన సంగతి, నేను వండుతున్న సంగతి చెప్పాను. చేప సంగతి చెప్పలేదు. నవ్వుతారనుకున్నాను. మొదట నవ్వారు. తర్వాత మాలో అందరికంటే పెద్దాయన, అందరం చిన్నాన్నలా కాకా అని పిలిచే మనిషి, తన డబ్బా నా ముందుకు జరిపాడు. చిక్కుడుకాయ కూర. నా భార్య వండినంత బాగుంది.

"గిది ఎవ్వలు వండిన్రనుకున్నవ్?"

"ఇంకెవ్వలు, చిన్నమ్మ."

"నేనే. మీ చిన్నమ్మకు మోకాళ్ళ నొప్పులు మొదలైనప్పటి సంది పొద్దుగాల వంట నాదే. ఎనిమిదేండ్లాయె."

మేం ముగ్గురం ఆయన వైపు చూశాం. నాలుగు లైట్లూ ఆ చిక్కుడుకాయ కూర మీదే ఉన్నాయి. ఎనిమిదేళ్లు మాతో కూర్చుని తింటూ ఆ మనిషి ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు అడగలే" అన్నాడు. అది విని నా బామ్మర్ది కూడా, తను పిల్లలకు గుడ్ల కూర బాగా చేస్తానని మెల్లగా ఒప్పుకున్నాడు. ఆ రోజు తిండి అయ్యేదాకా బొగ్గు మాట ఎవరూ ఎత్తలేదు. వంకాయ ముక్కలు తరగగానే ఉప్పునీళ్ళలో వెయ్యాలని, అట్లా వేస్తే కూరలో ఉప్పు తగ్గించాలని నాకు తెలిసింది అక్కడే, భూమికి అంత లోతున.

షిఫ్టు దిగి మూడున్నరకు ఇల్లు చేరేసరికి రెండు కుక్కలూ గేటు దగ్గర కూర్చుని ఉండేవి. ముప్పై ఏళ్ళలో గేటు దగ్గర ఎవరుంటారో నేను గమనించింది లేదు. బండి ఆపడం, లోపలికి పోవడం, స్నానం, అంతే. ఒక రోజు కాస్త ఆలస్యమైంది. నాలుగున్నర దాటింది. కుక్కలు గేటు దగ్గర లేవు, వీధి మలుపు దాకా వచ్చి నిలబడి ఉన్నాయి. బండి చూడగానే పిల్ల ముందు పరుగెత్తింది, తల్లి వెనక నిదానంగా నడిచింది.

ఇంట్లోకి పోయి, "ఇవి గిట్ల రోజూ వస్తయా?" అని అడిగాను.

"షిఫ్టు దిగే యాళ్ళకు గేటు కాడికి వస్తయ్. ఆలస్యమైతే మలుపు కాడికి పోతయ్."

"వాటికెట్ల ఎరుక?"

"నేను పోతుంటి గద, నాతోని అలవాటైంది." ఆమె కుర్సీలో చెయ్యి దిండు మీద సర్దుకుంది. "గిప్పుడు చెయ్యి గుంజుతాందని నేను పోతలేను. అవి పోతున్నయ్."

నేను వంటింట్లోకి పోయాను. ఛాయ్ పెట్టాను. ఆ రోజు ఛాయ్‌లో అల్లం ఎక్కువ పడింది, ఆమె తాగింది.

మూడో వారంలో నాకు ధైర్యం ఎక్కువైంది. సర్వపిండి చేస్తానన్నాను. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం వేసి కలిపి, నూనె రాసిన గుండ్రటి గంజు లోపల పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నమంట మీద కాల్చాలి. చెప్పుకుంటే ఇంతే. మొదటిది బాగానే వచ్చింది. బాగా అంటే, ముక్కలు ముక్కలుగా వచ్చింది, కానీ రుచిగా ఉంది. ఆ సంతోషంలో రెండోదానికి పిండి తీసుకుని అదే గంజులో చెయ్యి పెట్టి అద్దాను. పొయ్యి మీంచి అప్పుడే దింపిన గంజు అది.

"నీళ్ళల్ల పెట్టి సల్లార్చినంక అద్దాలె" అని ఆమె చెప్పే లోపలే నా నాలుగు వేళ్ళు ఎర్రబడ్డాయి. వదిలేసిన పిండి గంజుకు అతుక్కుని మాడిపోయింది. దాన్ని ఊడదీయడానికి స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి తెచ్చుకుని వరండాలో కూర్చున్నాను. ఆ చప్పుడుకు పక్క క్వార్టరు ఆవిడ గోడ మీంచి తొంగిచూసింది.

ఆవిడది రాజమండ్రి వైపు. భర్త వర్క్‌షాపులో పనిచేస్తాడు. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఆవిడ మాట మారలేదు, మా మాటలు ఆవిడకు అర్థం కాకుండానూ పోలేదు.

"ఏం కడుతున్నారండీ అన్నయ్యగారూ?"

"కట్టుడు కాదమ్మా, కూలగొడుతున్న."

ఆవిడ లోపలికి వచ్చి, నా మొదటి సర్వపిండి ముక్క ఒకటి రుచి చూసింది. "బాగుందండీ. మా దిబ్బరొట్టెలాగే ఉంది" అంది.

ఆ మాట ఆవిడ మెచ్చుకోలుగానే అంది. కానీ నా భార్య కుర్సీలో నిటారుగా కూర్చుంది. "దిబ్బరొట్టె మెత్తగుంటది వదినా. గిది కరకర అనాలె. మా ఆయనకు చేతగాక మెత్తగైంది గాని, గిది గది కాదు."

"అయ్యో, అలా అనలేదు వదినగారూ."

"అనలే. నేనే చెప్తున్న."

మర్నాడు పక్కింటి నుంచి దిబ్బరొట్టె వచ్చింది. ఆ మర్నాడు నా భార్య నా చేత రెండుసార్లు పిండి కలిపించి, గంజును నీళ్ళలో చల్లార్చేటప్పుడు దగ్గరుండి, కరకరలాడే సర్వపిండి చేయించి పక్కింటికి పంపింది. ఈ పోటీలో బాగుపడింది కుక్కలు. విరిగినవి, మాడినవి అన్నీ పిల్లకే పోయాయి. అది రెండు వారాల్లో గుండ్రంగా అయింది.

ఇంకొక పని మిగిలి ఉంది. పక్కింటావిడ కూతురు పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. పుట్టబోయే బిడ్డకు చిన్న బొంత కుట్టి ఇస్తానని నా భార్య ఎప్పుడో మాటిచ్చింది. పాత నూలు చీరలు పొరలుగా పరిచి, ఒక్క పోగు కదలకుండా వరుసగా కుట్టుకుంటూ పోవాలి. నలుగురు కొనిపెట్టే దుప్పట్లకంటే పసిబిడ్డకు అదే మెత్తన అని ఆమె నమ్మకం. చెయ్యి విరిగేనాటికి సగమే అయింది. ఒక రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఎడమచేత్తో సూది పట్టుకుని తంటాలు పడుతోంది. రెండు కుట్లు వేసి, మూడో కుట్టు వేలికి వేసుకుంది.

"ఇటియ్యి" అన్నాను.

"నీకెట్ల వస్తది?"

"వంటెట్ల వచ్చింది?"

"వచ్చిందని ఎవ్వలన్నరు?" అంది గానీ సూది ఇచ్చింది.

నేను ఒక వరస కుట్టి చూపించాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "గిది బొంతనా, బస్తా మూతినా? కుట్టు ఎలుకపల్లంత ఉండాలె. నువ్వు ఎద్దు అడుగు ఏసినవ్." మొత్తం విప్పించింది. రెండోసారి కూడా విప్పించింది. మూడోసారి మాట్లాడలేదు, అంటే పరవాలేదని. దన్ను నిలబెట్టే చేతులకు సూది కనిపించేది కాదు. కళ్ళద్దాలు పెట్టుకుని వరండాలో వెలుతురున్నంత సేపు కుట్టేవాణ్ణి. మాట్లాడకుండా కూర్చుని చేసే పనుల్లో ఇంత హాయి ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. పక్కింట్లో ఆడపిల్ల పుట్టిందని తెలిసిన రోజుకు ఒక్క జానెడు మిగిలింది.

ఆ జానెడు కుట్టేలోపలే దాన్ని మా కుక్క పిల్ల పట్టుకుపోయింది. మధ్యాహ్నం వరండాలో ఆరేసిన బొంతను అంచు కరుచుకుని జామచెట్టు కిందికి ఈడ్చింది. నేను చూసేసరికి మూల అరచేయంత చిరిగి ఉంది, తల్లి దాని మీద చక్కగా పడుకుని ఉంది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. పది రోజుల పని. పిల్ల మీద చెప్పు ఎత్తాను. అది వెనక్కి పోలేదు, ఆ వాలిన చెవితో నన్నే చూస్తూ నిలబడింది. అదివరకు అదెప్పుడూ నా చేతిలో దెబ్బ తినలేదు, చెప్పు ఎత్తితే ఏమవుతుందో దానికి తెలియదు. చెప్పు కింద పడేశాను.

నా భార్య చిరిగిన మూలను ఒళ్ళో పెట్టుకుని చూసింది. "గింతే గద. అతుకేద్దాం. మెత్తటి గుడ్డ కావాలె." అల్మరాలో ఉన్న చీరలు ఒక్కొక్కటే చేత్తో పిసికి చూసి, ఏదీ నచ్చక, చివరికి దండెం మీద ఉన్న నా పాత ఖాకీ చొక్కా చూపించింది. బాయికి వేసుకునేది, ఎన్నిసార్లు ఉతికామో లెక్కలేదు, పట్టుకంటే మెత్తగా అయిపోయింది.

"బాయి చొక్కా పసిబిడ్డకేంది?" అన్నాను.

"ఉడకబెట్టి ఉతుకు. గీ ఇంట్ల అంతకన్న మెత్తటి గుడ్డ లేదు."

ఉడకబెట్టి ఉతికాను. కత్తిరించేటప్పుడు బాగున్న భాగమేదా అని చూస్తే జేబు దగ్గర ఒక్కటే గట్టిగా ఉంది. జేబు విప్పడం నాకు చేతకాలేదు, విప్పితే గుడ్డ చిరుగుతోంది. జేబుతో సహా అతికి కుట్టేశాను.

బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేస్తుంటే పిలిచారు. ఉతికి మడిచిన బొంత నా భార్య ఎడమచేతి మీద పెట్టుకుని వెళ్ళింది. పక్కింటావిడ విప్పి చూసి, "ఈ జేబేంటండీ వదినగారూ?" అని అడిగింది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళున్నారు. నేను గుమ్మం బయట నిలబడి నా చెప్పులను చూసుకున్నాను.

"కుక్క చింపింది వదినా. ఆయన చొక్కా ముక్కతోని అతికిండు. జేబు తీయరాలేదు. కుట్టిందంతా ఆయనే" అని నా భార్య ఉన్నదున్నట్టు చెప్పింది.

అప్పుడు మంచం మీద కూర్చున్న బాలింత చెయ్యి చాపి బొంత తీసుకుంది. బిడ్డ కాళ్ళ నుంచి అస్తమానం జారిపోతున్న చిన్న మేజోళ్ళు రెండూ తీసి ఆ జేబులో పెట్టింది. "ఇవి పొద్దున్నించీ వెతుక్కుంటూనే ఉన్నానమ్మా. ఇక ఎక్కడికీ పోవు" అంది. పక్కింటావిడ నా వైపు చూసి, "అన్నయ్యగారూ, లోపలికి రండి, అక్కడ నిలబడ్డారేం" అంది. బిడ్డను ఆ బొంత మీదే పడుకోబెట్టారు. నేను లోపలికి పోయి, నా కుట్లు ఎంత వంకరగా ఉన్నాయో మొదటిసారి దూరం నుంచి చూశాను. బిడ్డకు అవేమీ పట్టినట్టు లేదు.

ఆ తర్వాత నాలుగు రోజులకు కట్టు విప్పారు. లోపలి చెయ్యి సన్నగా, పాలిపోయి, వేరే ఎవరిదోలా ఉంది. ఆమె దాన్ని ముందుకూ వెనక్కీ తిప్పి చూసుకుంది. మెల్లమెల్లగా పని చెయ్యాలని, ముందు బరువులు వద్దని చెప్పి పంపారు. ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా వంటింట్లోకి పోయింది.

రెండు నిమిషాలు డబ్బాల చప్పుడు. తర్వాత నన్ను పిలిచింది.

నేను ఈ ఆరు వారాల్లో వంటిల్లు సర్దాను. మా స్టోరు గదిలో సామాను పెట్టే పద్ధతి నాకు తెలుసు, రోజూ వాడేది చేతికందేటట్టు, అప్పుడప్పుడు వాడేది పైన. ప్రతి డబ్బా మీదా కాగితం అతికించి పేరు రాశాను. నాకైతే అది చాలా అందంగా కనిపించేది.

"పసుపు డబ్బా మీద పసుపని రాసినవ్."

"అవ్."

"పసుపు పచ్చగుంటదని నాకెరుకలేదా?"

"నాకు తొందర్ల దొరకాలె గద."

"చింతపండు ఏడుంది?"

"పైన. అప్పుడప్పుడు వాడేది గద."

"ఈ ఇంట్ల చింతపండు అప్పుడప్పుడా?" అంది. ఆ తర్వాత ఆమె డబ్బాలు దింపడం మొదలుపెట్టింది. బరువు ఎత్తవద్దన్నారని నేను అడ్డం పడ్డాను. ఆమె చూపిస్తుంటే నేను దింపాను, ఆమె చెప్పిన చోట పెట్టాను. మూడు రోజులు పట్టింది, అంతా మునుపటిలాగే అయింది. కాగితాలు మాత్రం గోకినా ఊడిపోలేదు. నేను బాయిలో వాడే గట్టి బంకతో అతికించాను మరి.

వంట మళ్ళీ ఆమెదే అయింది. కానీ పూర్తిగా కాలేదు. ఆ చేత్తో గంజు ఎత్తలేదు, ముద్దగా పిండి కలపలేదు. అవి నావి. వంకాయలు తరగడం నాదే, ఎందుకంటే ఉప్పునీళ్ళ సంగతి నేను ఆమెకు చెప్పాను, ఆమె అదివరకే ముప్పై ఏళ్లుగా అట్లాగే చేస్తున్నానని చెప్పింది, ఆ వాదన ఇంకా తేలలేదు. వంటిల్లు ఒక్క మనిషి కోసం కట్టింది. ఇద్దరం నిలబడితే మోచేతులు తగులుతాయి. తల్లి గడపకు అడ్డంగా పడుకుంటే దారి అసలే ఉండదు. నిన్న సాయంత్రం కూడా నేను పొయ్యి ముందు నిలబడి తాలింపు చిటపటలాడుతుంటే చూస్తున్నాను, వెనక నుంచి ఆమె కరివేపాకు పట్టుకుని వచ్చింది.

"జర జరుగు" అంది.

జరిగాను. కరివేపాకు వేసింది. మళ్ళీ నన్నే జరిపి ఆ పక్కకు పోయింది.